బెత్తెడు

మార్చి నెల. మంచు కరిగిన కయ్యలో
ఓట్స్ గడ్డి మోకాలిదాకా లేచింది.
వరి కోసిన మడిలోనే
మా అత్త సాజా చల్లిన విత్తనం,
చలికాలమంతా మంచు కింద ఊపిరి బిగబట్టి
ఇప్పుడు దూద్‌గంగ గాలికి తలలూపుతోంది.

నేను దాల్ సరస్సు పిల్లని.
పడవ మీద పుట్టి, పడవ మీదే ఎదిగి
తామరతూళ్ళు లాగడం తెలిసినదాన్ని.
నీళ్ళలో దేన్నైనా మొదలంటా పట్టాలి,
కొసలు తుంచితే కూరకు రాదు.
కొడవలి చేతికిచ్చినప్పుడు
ఆ తెలివే నా వెంట వచ్చింది.

కొత్త కోడలి మోపు పెద్దదిగా కనబడాలని
నేల గీరుకుంటూ కోశాను.
తెల్లటి మొదళ్ళు, పండిన అడుగాకులు, అంటిన మట్టి
అన్నీ కట్టలోకే.
పొరుగింటి షౌకత్ గోడ మీంచి చూసి
"క్షవరం బాగుంది వదినా" అన్నాడు.
మెచ్చుకున్నాడనుకున్నాను.

సాజా ఏమీ అనలేదు.
నేను కోసిన నాలుగు బారలూ నడిచి చూసింది.
పక్క సాలు దగ్గర గొంతుక్కూర్చుని
ఎడమచెయ్యి అడ్డంగా పెట్టింది.
చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు.
చిటికెన వేలుండాల్సిన చోట నున్నటి మొండి.
ఏడేళ్ళ కిందట చొప్ప నరికే మిషను తీసుకుందట.
ఆ లేని వేలికి నేల మీద చోటొదిలి,
మిగతా మూడింటి పైన గోటితో గుర్తుపెట్టి,
చెయ్యి తీసి, అక్కడ కోసింది.
"కిందది గడ్డిది" అంది.
"పైది ఆవుది."

సాయంత్రం కాచుర్ ముందు రెండు మోపులూ వేశాం.
ఆవుకు మొహమాటం తెలియదు.
అత్త మోపు పరక మిగల్చకుండా మేసింది.
నా దాంట్లో ఆకులేరుకుని
మొదళ్ళు మూతితో నెట్టేసి
ముక్కులోకి మన్ను పోయి తుమ్మింది.
బరువు నా మోపుదే ఎక్కువ.
పాలగిన్నె ఆ బరువు ఒప్పుకోలేదు.

ఆరో రోజున వెళ్ళి చూశాను.
అత్త వదిలిన బెత్తెడులో
తెగిన ఆకులే మళ్ళీ సాగుతున్నాయి,
కొస మొండిగా, అంచు కాలినట్టు గోధుమరంగు,
కింద మాత్రం లేతపచ్చ.
మిగిలిన ఆ కాస్త పచ్చదనమే పొయ్యి రాజేసి
పక్క పిలకలకు వండి పెడుతోంది.

నా నాలుగు బారల్లో
నేల నా వంకే చూస్తోంది.
మొదట్లో దాచుకున్న తీపి కూడా నేనే ఎత్తుకుపోయానట.
అక్కడక్కడ ఒక పిలక,
అరువు బట్టలో వచ్చినట్టు, ముడుచుకుని.
సాజా ఒక కాడ నిలువునా చీల్చి చూపింది.
బియ్యపు గింజంత మొగ్గ.
నా కొడవలి దాని మెడ మీంచే పోయింది.
"ఇంకో పది రోజులాగితే
ఇది నా వేళ్ళు కూడా దాటి పైకెక్కేది.
అప్పుడు ఎంత ఎత్తున కోసినా దీనికి చావే."

అయినా ఆ బెత్తెడు దండగ కదా అన్నాను.
ఏప్రిల్లో అడుగు, అంది.

ఏప్రిల్. బాదం పూలు రాలి, కాయ కట్టింది.
అత్త చాళ్ళు మళ్ళీ మోకాలు దాటాయి.
నా చార చీలమండ దగ్గరే ఆగింది.
బడిపిల్లలు దాన్ని అడ్డదారి చేసుకున్నారు.
నేను అడగలేదు.
వంగి, నా నాలుగు వేళ్ళూ నేలకానించాను.
సాజా నా చెయ్యి పట్టుకుని
కూరగాయ తిప్పినట్టు తిప్పి చూసింది.
"సన్నటి వేళ్ళు. నీకు బెత్తెడు చాలదు.
బొటనవేలు కూడా పెట్టు."

మే నెలలో నీళ్ళు పెట్టి దున్నేశారు.
ఆమె బెత్తెడూ నా బోడి చారా ఒకే బురద.
మీద వరినారు.

మొన్న అమ్మ పడవకు వెళ్ళాను.
తేలుతోట అంచున పుదీనా కోసుకు రమ్మంది.
కత్తి పక్కన పెట్టి
ముందు చెయ్యి అడ్డంగా ఆనించాను,
ఐదు వేళ్ళూ.
"ఏం పోగొట్టుకున్నావే అక్కడ" అంది అమ్మ
పడవలోంచి.