తొంభైతొమ్మిది

మూడేండ్ల నుంచి ఒకటే సంచి.
లోపల రెండు వందల నలభై ఫారాలు,
అటుకుల పొట్లం, ఇంటి నీళ్ల సీసా.
నల్లగొండ పిల్లను, ఏ ఊళ్లో బోరు కనిపించినా
ముందు అక్కడి పిల్లల పండ్ల వైపు చూస్తాను.

అట్ట మీద పేరు ఇంత పొడుగు:
కుటుంబ బంధాలపై మతవిశ్వాస ప్రభావం,
ఒక మనోవైజ్ఞానిక పరిశీలన.
మర్రిగూడ బస్సులో పక్కనామె
కూడబలుక్కుని చదివి
"లోనిస్తరా బిడ్డా?" అంది.

ప్రశ్నకు అయిదు గడులు.
పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి
అసలే ఒప్పుకోను దాకా.
నడుమ ఒకటి, చెప్పలేను.
మనుషులు కాపురముండేది ఆ గడిలోనేనని
మొదటి నెలలోనే తెలిసిపోయింది.

పదిహేడోది:
"ప్రార్థన వల్ల మా ఇంట్లో గొడవలు తగ్గాయి."
చండూరులో బాలకిష్టమ్మ ఎల్లమ్మకు బోనమెత్తుతుంది.
తోడికోడలు ఆదివారం చర్చికి పోతుంది.
ఇద్దరి నడుమ గోడ, గోడకు కిటికీ,
కిటికీలో ఎవరిదో కూరగిన్నె.
"కొట్లాట యాడ తగ్గుతది బిడ్డా,
గొంతు తగ్గుతది.
దీపం ముట్టిచ్చినంక గట్టిగ తిట్టబుద్ధి గాదు.
ఆమె గూడ పాట వాడేటప్పుడు తిట్టది.
నేను జూసి జూసి, గప్పుడే తిడత."
నవ్వుతూ ఒక గడిలో గీత పెట్టాను.
బస్టాండులో కూర్చుని రబ్బరుతో చెరిపాను.

యూనివర్సిటీలో ఫ్యాను కింద గైడు సారు:
"కవిత్వం వద్దమ్మా.
జవాబు రాని చోట తొంభైతొమ్మిది కొట్టు.
ఖాళీ అని కంప్యూటరుకు తెలుస్తుంది,
లెక్కలోంచి అదే తీసేస్తుంది."

కొట్టాను.
పెనిమిటి మాట ఎత్తగానే
చాట తీసుకుని బియ్యం చెరిగినామెకు తొంభైతొమ్మిది.
"తమ్మునితో ఎన్నాళ్లకోసారి మాట్లాడతారు" అంటే
బర్రెను కట్టేసొస్తనని లేచి
చీకటిపడ్డా రాని ఆయనకు తొంభైతొమ్మిది.

దేవరకొండ దాటినంక, గుట్ట కింద చిన్న దర్గా.
మదార్ తాత, దూది ఏకి ఏకి
కనుబొమ్మలు కూడా దూదైన మనిషి.
నేను చదువుతుంటే వింటూనే తస్బీ తిప్పుతున్నాడు.
ఇరవై రెండోది:
"పెద్దకొడుకుతో మీ సంబంధం సంతృప్తికరంగా ఉంది."
పూస.
పూస.
పెన్సిలు అప్పటికే తొమ్మిది వైపు వంగింది.
ఊరికే, మాట కలపడానికి, అడిగాను:
పూసలెన్ని తాతా?

"తొంభైతొమ్మిదుండాలె. ఒకటి తక్కువ.
మా రంజాను మింగిండు.
పారాడే పిల్లగాడు, దారం తెంపి లటుక్కున.
వానమ్మ మూడు దినాలు దేవులాడింది, దొరకలె."
వేళ్లు ఆగలేదు.
"పదకొండేండ్లాయె గడప తొక్కక.
మాట మీద మాట. నేనన్నదే పెద్దది.
గా ఖాళీ కాడికి రాంగనె
అల్లా పేరు రాదు నాకు,
వాని పేరొస్తది.
తప్పో ఒప్పో, ఇమాంసాబునైతె అడుగలె.
అడిగితె బంద్ వెట్టుమంటడని."

రాత్రి గదిలో
ఆ గడిలో రంజాను అని టైపు చేశాను.
కంప్యూటరు ఎర్రబడింది:
ఇక్కడ అంకెలు మాత్రమే.

మళ్లీ కొట్టాను.
మళ్లీ ఎర్రన.

పైకి జరుపుకుంటూ పోతే మొదటి వరుస నాదే.
ఊళ్లల్లోకి పోకముందు, పరీక్షకని,
నా ఫారం నేనే నింపుకున్నది.
అక్క గురించిన ప్రశ్న దగ్గర
నా చేత్తో నేనే కొట్టుకున్న రెండు తొమ్మిదులు,
ఒకదాని వెనక ఒకటి తలలు వంచుకుని.

కింద గడియారం సెంటర్లో
మిర్చిబండాయన స్టవ్వు ఆర్పుతున్నాడు.
ఫోనులోంచి అక్క నంబరు తీసేసి నాలుగేండ్లు.
వేలికి మాత్రం గుర్తుంది,
ఆఖరి అంకె దాకా.