ఉంగరపు వేలు

నోట్బుర్గాని పరుపు మీద బోర్లా పడుకోబెట్టాను.
మూడడుగుల ఆడమనిషి. లిండెన్ చెక్క.
వీపంతా డొల్ల.
గోడకి ఆనే బొమ్మకి వీపెందుకని
చెక్కినవాడు తొలిచేశాడు.
ఎండాక పగలకుండా ఉంటుందని కూడా.
మూడు వందల ఏళ్ళుగా
ఎదుటివాళ్ళ కోసమే ఉంది ఈ మనిషి.

వేలితో తట్టితే
జల్లెడ పట్టినంత మెత్తగా పొడి రాలింది.
పురుగు ఇంకా లోపల కాపురమే.
సిరంజితో ఒక్కో చిల్లిలోకీ జిగురు ఎక్కిస్తాను.
ఒక చిల్లిలో పోస్తే ఇంకో చిల్లిలోంచి,
ఒక్కోసారి కంటి మూలలోంచి కారుతుంది.
చూసినవాళ్ళు మహిమ అనుకునేలోపు తుడిచేయాలి.

మొహం మీది మసికి ఉమ్మే మందు.
నవ్వకండి, చదువుకున్న పద్ధతే.
నాలిక మీద దూదిపుల్ల తడిపి
చెంప మీద దొర్లించాలి, రుద్దకూడదు.
ప్రతిసారీ కొత్త దూది.
పాత దూదికి వందేళ్ళ కొవ్వొత్తుల పొగ అంటుకుని ఉంటుంది.

పైట నీలం. నీలం కింద ఎరుపు.
ఎరుపు కింద ఇంకో నీలం,
ఇప్పుడు బతికున్నవాళ్ళెవరూ చూడని నీలం.
అక్కడ ఆగాను.

చిక్కంతా ఎడమ చేతి దగ్గర వచ్చింది.
అది వేరే చెక్క, కొండ పైన్.
గీరితే ఇప్పటికీ వాసన వేస్తుంది.
ఉలి కూడా వేరే. వేళ్ళు లావు, గోళ్ళు పలకలు.
పనిచేసిన చెయ్యే, కానీ మగవాడిది.
ఉంగరపు వేలు లేదు.
విరిగిన గుర్తూ లేదు, మొండిని నున్నగా చెక్కేశారు.
ఆ సందులో ఏదో పచ్చటి పొట్టు ఇరుక్కుని ఉంటే
మురికనుకుని తీసి పారేశాను.

గుడి సంఘం చీటీ ముందే అందింది:
"లోపించిన వేలు అమర్చవలెను."
కూలి ఎంతో కూడా వాళ్ళే రాసేశారు.

చెక్కాను. రెండు రాత్రులు.
నా వేలే నమూనా,
కణుపు దగ్గర నాకున్న వంకరతో సహా.
అతికించేముందు మణికట్టు కీలుకి ఆవిరి పట్టాను.
పాత జిగురు ఒదిలింది.
లోపల, చెక్క మీద, పెన్సిలు రాత:

"పాత చెయ్యి కాలిపోయింది.
చూసి చెక్కడానికి నా చెయ్యే ఉంది.
ఉన్నది ఉన్నట్టు చెక్కాను.
కాసియన్, రంపపు మిల్లు, ఫిబ్రవరి 1919."

వేలు ఎలా పోయిందో రాయలేదు.
మిల్లు రంపానికో,
అవతలి కొండ మీద మంచులో జరిగిన యుద్ధానికో.
ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవంటారు.
నాలుగే ఉన్నవాడి గురించి
ఏ సామెతా చెప్పలేదు.

బడి గదిలో మీటింగు పెట్టారు.
లెక్కలు చూసే ఎర్మెలిండె
"వేసవిలో వచ్చేవాళ్ళు నవ్వుతారు" అంది.
పంతులు ఫొటోలు తీయించమన్నాడు.
నేను పెన్సిలు రాత చదివి వినిపించాను.
పాపం అన్నారు. అయినా వేలు పెట్టమన్నారు.

గంట కొట్టే వెండెలిన్
అంతసేపూ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
"రై కోతలప్పుడు మొదటి వెన్ను
ఎక్కడ గుచ్చుతాం?" అన్నాడు.
ఎవరూ మాట్లాడలేదు.
"ఆ సందులోనేగా. మా అమ్మ గుచ్చేది.
వాళ్ళమ్మ ఎత్తుకుంటే నేనూ గుచ్చాను.
ఐదో వేలు పెట్టాక వెన్ను ఎక్కడ నిలబెడదాం,
ఎర్మెలిండె పర్సులోనా?"

నేను బల్ల కిందికి చూశాను.
ఆ పొట్టు, దూదితో పాటు,
మంగళవారమే పొయ్యిలోకి పోయింది.

కీలు మళ్ళీ మూశాను.
మూసేముందు కాసియన్ కింద
నేనూ ఒక ముక్క రాశాను.
ఏం రాశానో చెప్పను,
ఇంకో వందేళ్ళకి విప్పేవాళ్ళు చదువుకుంటారు.

నా వేలు మాత్రం సొరుగులో ఉండిపోయింది.
కూలి ఇవ్వలేదు దానికి.
జిగురు కలుపుకోడానికి బాగుంటుంది,
వంకర ఉందిగా,
గిన్నె మూలల్లోకి కూడా వెళ్తుంది.