ధర అడిగి వెళ్ళిపోయినవాళ్ళు

రాత్రి రెండుంపావు. రోహుక్యుల రేవు.
బయట సముద్రం మీద తెల్లటి పెచ్చు.
లోపల హీటరూ, నేనూ, టికెట్ల సర్వరూ.

మొదట సంతోషించాను, దాచడమెందుకు.
ఈ వేళప్పుడు గంటకి ముగ్గురొచ్చే పేజీకి
ముప్పై వేలమంది!
ఫిబ్రవరిలో హియుమా దీవికి ఇంత గిరాకీనా?

కాపలా కుర్చీలో కునుకుతున్న ఎల్మార్ తాతని లేపాను.
నలభై ఏళ్ళు కిటికీ వెనక కూర్చుని
చేత్తో టికెట్లు చింపిచ్చినవాడు.
తెర మీద దొర్లే వరసల్ని చాలాసేపు చూసి
"వీళ్ళు మనుషులు కారు లీవికా" అన్నాడు.
"మనిషైతే ధర అడిగి గొణుగుతాడు,
కుక్కకీ టికెట్టు కావాలా అంటాడు,
తప్పు తేదీ చెప్పి నాలిక కరుచుకుంటాడు.
వీళ్ళు ధర అడుగుతారు.
మళ్ళీ ధరే అడుగుతారు.
జవాబు వినరు."

నేను చదివిన పుస్తకంలో దీని పేరు
సేవా నిరాకరణ దాడి.
తాత భాషలో అయితే
గుమ్మం నిండా జనం, గుమ్మంలో ఎవరూ లేరు.

ఆ గోలలోనే ఒక మెయిలు, పిల్లి అడుగులతో.
డైరెక్టరు గారిది.
"సర్వరు నిలబడాలంటే దయచేసి వెంటనే
నీ పాస్‌వర్డు పంపు."
చిరునామాలో ఎల్ ఉండాల్సిన చోట ఒకటి అంకె.
అది తర్వాత చూశాను.
ముందు నన్ను ఆపింది "దయచేసి".
మా డైరెక్టరు నోట ఈ జన్మలో రాని మాట.
ఫోను చేశాను. నిద్రమత్తులో తిట్టాడు.
ఆ తిట్టుతో ప్రాణం లేచొచ్చింది,
హమ్మయ్య, అసలు మనిషే!

మూడున్నరకి తలుపు వేశాను,
దేశం బయటి చిరునామాలన్నిటికీ, ఒక్క గీతతో.
వరద తీసింది.
కాఫీ తాగాం. గెలిచాం అనుకున్నాను.

మధ్యాహ్నం ఓడకి ఒకామె వచ్చింది.
ఫిన్లండ్ ఫోను, ఎర్రబడ్డ కళ్ళు,
సరిసంఖ్యలో తెల్లపూలు.
ఇక్కడ చావింటికే అలా తీసుకెళ్తారు.
"తెల్లవారుజామున నాలుగింటికి అడిగాను,
నీకు అనుమతి లేదంది మీ పేజీ.
నాన్న ఊరికి రావడానికి
ఎవరి అనుమతి?"

డ్యూటీ అయినా ఇంటికి పోని నేను
గోడ మీది ఓడల వేళలు చదివినట్టు నటించాను.

ఎల్మార్ తాత అడుగు సొరుగు లాగాడు.
అంచులు నలిగిన పాత టికెట్ల పుస్తకం,
మధ్యలో కార్బన్ కాయితం.

"ఎంత?" అందామె.
చెప్పాడు.
ఆమె విన్నది.
చేతితొడుగు విప్పి
చిల్లర లెక్కపెట్టడం మొదలెట్టింది.