మోకాలు కాదు

చిలుంబా రేవు నుంచి
రెండు సైకిళ్లు మారి వచ్చింది న్యామ్హాంగో.
వీపున చితెంజె గుడ్డలో కొడుకు, వేజీ.
మూడేళ్లు. నాలుగు రోజుల జ్వరం.
"మోకాలు, మోకాలు" అని రాత్రంతా ఒకటే మూలుగట.

మోకాలు చూశాను.
వాపు లేదు, ఎరుపు లేదు,
నొక్కితే కిక్కురుమనలేదు.
మలేరియా పరీక్షలో ఒకటే గీత.
వానాకాలపు వరుస బల్లలు దాటి వరండాలోకి పాకింది,
ఇంకా అరవైమంది.
(నేను డాక్టర్ని కాను, క్లినికల్ ఆఫీసర్ని.
ఈ సరస్సు ఒడ్డున
ఆ తేడా పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.)
పారాసెటమాల్ రాసి
ఎండుచేపల వాసన వేసే ఆ చేతిలో చీటీ పెట్టాను.

అక్కడితో అయిపోవాల్సింది.

గేటు దగ్గర ఆపాడు మ్సిస్కా.
బయటికెళ్లేవాళ్లని ఆపడం అతని పని కాదు.
ఎడమ బూటు కింద మూడు వేళ్ల మందాన
టైరు ముక్క కొట్టించుకున్న మనిషి.
తడి నేల మీద అతని అడుగుల్లో
ఒకటి లోతు, ఒకటి తేలిక.

"గుడ్డ విప్పి పిల్లాణ్ణి చాప మీద పడుకోబెట్టమ్మా" అన్నాడట.
కుడికాలు చాచుకున్నాడు వేజీ.
ఎడమకాలు మాత్రం
మడిచి, బయటికి వాల్చి,
నిద్రపోతున్న పాము పక్కన పడుకున్నట్టు
కదపకుండా.

అమ్మ వీపు మీద కాళ్లు ఎలాగూ ఎడంగానే ఉంటాయి.
అందుకే అక్కడ ఏడవలేదు.
అందుకే నాకు కనపడలేదు.

తలుపు తట్టకుండా లోపలికొచ్చాడు మ్సిస్కా.
"మోకాలు కాదు" అన్నాడు.
తన తుంటి మీద చెయ్యి వేసుకున్నాడు.

పాదం పట్టుకుని
గడియారం ముల్లంత నెమ్మదిగా లోపలికి తిప్పాను.
వాడి కేకకి
వరండాలో అరవైమందీ మాట ఆపారు.

సూది గజ్జలో దిగింది.
ముంజ నీళ్లంత తేటగా రావాల్సింది,
మొక్కజొన్న అంబలిలా వచ్చింది.
ఒక చుక్క గాజుపలక మీదికి,
మిగిలింది సీసాలోకి,
అప్పుడు నరంలోకి మందు.
ఆ వరస తప్పకూడదు.
చీము ఆగదు,
బంతిగిన్నె కీలులో నున్నటి గుల్లని
గంటగంటకీ కొరుక్కుతింటుంది.
మందొక్కటే చాలదు, తలుపు తెరవాలి.

తెరిచాం.
సెలైన్‌తో కడిగాం, మళ్లీ కడిగాం.
ఏడో సీసాకి తేటపడింది.
కరెంటు పోతే నర్సు నోట్లో టార్చి పట్టుకుంది.

తెల్లారాక మ్సిస్కాకి టీ ఇచ్చాను.
"నీకెలా తెలిసింది?"
గ్లాసులోకి చూస్తూ చాలాసేపు ఊదాడు.
"నాకు ఆరేళ్లప్పుడు.
అందరూ మంచివాళ్లే.
అందరూ మోకాలికే కట్టు కట్టారు."

ఆరు వారాలు మందు.
ఆరు వారాల్లో వేజీ మొదట మంచం పట్టీ పట్టుకుని,
తర్వాత గోడ పట్టుకుని,
తర్వాత కోడిపిల్ల వెంట, ఏమీ పట్టుకోకుండా.

వెళ్లేరోజు న్యామ్హాంగో
ఎండు ఉసిపా చేపల మూట తెచ్చింది.
అది గేటు దగ్గరే ఆగిపోయింది.
నాదాకా రాలేదు.
రాకూడదు కూడా.