ఇరవై మూడు కుచ్చిళ్ళు

మా బ్యాండు మేళం ఓనరు సిలార్ సాయిబు
ఎవరి ఫోన్లోనో బొమ్మ చూసి
ముచ్చటపడి కుట్టించిన యూనిఫాం ఇది.
లాలాపేటలో ఒకే తాను చింపించి
ఎనిమిది మందికి ఎనిమిది.
కొలత తీస్తూ టైలరు ఏసోబు అడిగాడు:
"ఇది లంగానా, లాగునా?
కూలి ఏ లెక్కన కట్టమంటావు?"
సాయిబు తేల్చలేదు.
ఇప్పటికీ సగం కూలి బాకీ.

ఎరుపు మీద ఆకుపచ్చ గళ్ళు.
వెనక ఇరవై మూడు కుచ్చిళ్ళు.
పక్కన తోలు పటకా, రెండు బకిల్సు.
మోకాలి దాకా వచ్చి
ఆపైన కాళ్ళను వాటి మానాన వదిలేస్తుంది.

జనరేటరు బండి ముందు, ట్యూబులైట్ల మధ్య
కొత్తపేట నించి మూడు వంతెనల దాకా
సైడు డ్రమ్ము వాయిస్తూ నడిచినన్నాళ్ళు
ఒక్కడూ నవ్వలేదు.
ఒక పెళ్ళికొడుకు మేనమామైతే
యాభై కాగితం నా టోపీలో గుచ్చి
"దొరలా ఉన్నావురా" అన్నాడు.

తర్వాత డీజే బాక్సులొచ్చాయి.
సాయిబు ఏటుకూరు రోడ్డులో సోడా బండి పెట్టుకున్నాడు.
రెండు నెలల జీతం కింద
డ్రమ్మిస్తాడనుకున్నాను.
ఇది ఉంచుకోమన్నాడు.

ముసురు పట్టిన ఒక పొద్దున
ప్యాంట్లు రెండూ తడిగా దండెం మీదుంటే
పాల ప్యాకెట్టు కోసం ఇదే తగిలించుకుని వెళ్ళాను.

టిఫిను బండి దగ్గర
అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది.
"ఏంది నాగుల్ మీరా, మీ ఆడోళ్ళ లంగా కట్టుకొచ్చావ్?"
అడిగిన మనిషి
లుంగీ తొడల దాకా ఎగ్గట్టి నిలబడ్డాడు.
అతని కాళ్ళు నా కాళ్ళకన్నా
జానెడు ఎక్కువే గాలి పోసుకుంటున్నాయి.

చుట్టి ఎగ్గడితే మగాడు,
మడతేసి కుడితే ఆడది.
నడుమ ఉన్నదల్లా
ఏసోబు సూది.

ఆ మాటే అనబోయాను.
చట్నీ వేయించుకుని అతను వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మిర్చి యార్డులో టిక్కీలు మోస్తున్నాను.
ఘాటు ప్యాంటులో దూరితే
సాయంత్రానికి తొడలు పచ్చిపుండు.
అందుకే పనిలోకీ ఇదే.
మొదటిరోజు గుమస్తా కాటా చూడడం మానేసి
నన్ను చూశాడు.
హమాలీలు "దొరగారూ" అన్నారు;
ఈసారి ఆ మాటలో యాభై కాగితం లేదు.

తొడిమలు తీసే దీనమ్మ మాత్రం
తలగుడ్డ సర్దుకుంటూ ఒక్కటే అడిగింది:
"జేబుందా దానికి?"
లేదన్నాను.
అప్పుడు నవ్వింది, పొట్ట పట్టుకుని.
"ఇన్నాళ్ళకి తెలిసిందా అయ్యా,
డబ్బులు గుప్పిట్లో పెట్టుకుని
ఊరంతా తిరగడం!"

తెలిసింది.
ఇంకోటి కూడా తెలిసింది.
వంతెన కింద నడుస్తుంటే పైన రైలెళ్ళినప్పుడు
ఆ విసురుకి రెండు చేతులూ
చెప్పకుండానే కిందికి పోతాయి.
పక్కన పరికిణీ పిల్లవీ అట్లాగే పోయాయి.
ఒకరినొకరం చూడనట్టు నడిచాం.

ఇంట్లో కాశింబీ మూడు రోజులు పలకలేదు.
నాలుగో రోజు ఇస్త్రీ చేస్తూ
లెక్కపెట్టి చెప్పింది:
"ఇరవై రెండే ఉన్నాయి. ఒకటి ఊడింది."
కుట్టిందో లేదో
నేను వెనక్కి చూసుకోలేను కదా.

ఈ సాయంత్రం మా సందు పిల్లలు
నా వెనకపడ్డారు, ఈలలేస్తూ, డబ్బాలు కొడుతూ.
తిట్టడానికి తిరగబోతే
వాళ్ళ దెబ్బ తాళంలో పడింది.
పెళ్ళివారు మలుపు తిరిగేటప్పుడు
మేము వాయించే దెబ్బ అది.

ఒకడు తప్పు కొడుతున్నాడు.
ఆగి, మణికట్టుతో గాల్లో చూపించాను:
రెండు పొట్టి, ఒకటి పొడుగు.
అరచేతిలో చిల్లర గలగలమంది.
మళ్ళీ నడిచాం
పాల దుకాణం వైపు.