తవుడు ధర

విజయనగరంలో ఆఫీసు పైగదిలో
రిజిస్టరు నా ముందుకొచ్చింది.
అన్నీ ఆడవాళ్ల సంతకాలు.
చివరిది నాది, గ్రీజు వేలిముద్రతో సహా.

"పేరు, ఊరు, ఈ ట్రైనింగుకి ఎందుకొచ్చారో చెప్పండి" అంది మేడం.
తవిటినాయుడు. సాలూరు. లారీ మెకానిక్కుని.
మూడోదానికి జవాబు తోచక
పేరు దగ్గరే ఆగిపోయాను.

నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు మా అమ్మకి.
నన్ను చేటలో పెట్టి పక్కింటి ముసలమ్మకి ఇచ్చేసిందట.
సోలెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుందట,
చావు లెక్క తప్పుతుందని.
తవుడు కొలిచినంత సేపూ
నేను ఇంకొకరి బిడ్డని.

వెనక ఎవరో నవ్వారు.
మేడం నవ్వలేదు.
"ఆ కాసేపూ ఆ ముసలమ్మ మిమ్మల్ని ఎలా పట్టుకుందో?" అంది.
యాభై రెండేళ్లలో నన్నెవరూ అడగని మాట.

మధ్యాహ్నం టీ అయ్యాక
నన్ను పిల్లాణ్ణి చేసి టేబులు కింద కూర్చోమన్నారు.
లారీ కింద ఎన్ని వందల సార్లు దూరానో!
అయినా ఆవేళే తెలిసింది,
కిందనుంచి చూస్తే పెద్దోళ్లంటే కాళ్లేనని,
ఏ కాళ్లు తంతాయో ఏ కాళ్లు ఆగుతాయో
చెప్పుల్ని బట్టి చెప్పలేమని.

"ఏటి సెడిందో సెప్పండి మేడం, ఇప్పి సూస్తాను" అన్నాను.
"మీ షెడ్డుకి రిపేరుకొచ్చిన బండి కాదు నాయుడుగారూ,
వాన తగ్గేదాకా ఆగిన బండి."
ఆ మాట బస్సులో గజపతినగరం దాకా నమిలాను.

జూన్లో వచ్చాడు హేమసుందరు.
ఎనిమిదేళ్లు. పాలిథీన్ కవర్లో రెండు చొక్కాలు,
ఒక సెల్ ఛార్జరు.
ఫోను లేదు. ఛార్జరే.
వాళ్లమ్మదని జీపు డ్రైవరు నా చెవిలో చెప్పాడు.
రాత్రి అది గోడ ప్లగ్గులో పెట్టి
తీగ కొస గుప్పిట్లో మూసుకుని పడుకునేవాడు.

ఒకసారి ఉరుములు.
కరెంటు సంగతి తెలిసినవాణ్ణి కదా,
ప్లగ్గు పీకేశాను.
రెండు రోజులు మెతుకు ముట్టలేదు వాడు.
మా సూరీడమ్మ నాతో మాట మానేసింది.

రాత్రి పదకొండుకి
ట్రైనింగులో నా పక్కన కూర్చున్న చీపురుపల్లి సత్తెమ్మకి ఫోన్ చేశాను.
"పొయ్యి మీద పాలున్నాయి, పొంగేదాకా ఇంటాను, సెప్పు బావూ" అంది.
చెప్పాను.
సలహా ఏమీ ఇవ్వలేదు.
పాలు పొంగినా ఫోను పెట్టలేదు,
చుయ్యిమన్న చప్పుడు నాకూ వినబడింది.

మర్నాడు రాత్రి నేనే వంగి
ఛార్జరు పెట్టి స్విచ్చి వేశాను.
వాడు చూశాడు. ఏమీ అనలేదు.
పొద్దున్న రెండు ఇడ్లీలు తిన్నాడు,
మూడోది జేబులో పెట్టుకున్నాడు.
జేబు నూనె మరక మేం అడగలేదు.

"ఇంట్లో ఏటని పిలిసేవోరురా నిన్ను?"
ఒక్కసారే అడిగాను. తల తిప్పుకున్నాడు.
పేరు మార్చకండి, ముద్దుపేరు పెట్టకండి అని
నోట్సులో నా చేత్తోనే రాసుకున్నాను.
అంచేత బళ్లో పేరే, పూర్తిగా, ఐదక్షరాలూ.

ఫిబ్రవరిలో అమ్మమ్మ దొరికింది,
కురుపాం అవతల కొండూరు.
కమిటీ వాళ్ల ముందు సంతకం పెడుతుంటే
వరండాలోంచి ముసలిది కేకేసింది,
వాడి ఇంటి పేరు పెట్టి కాదు,
ఇంట్లో పేరు పెట్టి.
వాడు పరిగెత్తాడు.
ఎనిమిది నెలల్లో వాడి పరుగు అప్పుడే చూశాను.
ఆ పేరు నేను విన్నాను. ఇక్కడ చెప్పను.

వెళ్తూ వెళ్తూ ముసలిది వెనక్కొచ్చి
కొంగుముడి విప్పి
చేరెడు చింతపండు నా అరచేతిలో పెట్టింది.
"ఉత్తినే అట్టుకెల్లకూడదు బావూ."

చింతపండు అరచేతికి అంటుకుంది.
వద్దనలేదు.
తవుడుకి వచ్చినవాణ్ణి, ధర తెలుసు నాకు.

మంగళవారం మళ్లీ ట్రైనింగుంది,
పిల్లలు వెళ్లిపోయాక ఇల్లు ఎలా ఉంచుకోవాలన్నదాని మీద.
సత్తెమ్మ కూడా వస్తానంది.
గోడ ప్లగ్గు స్విచ్చి ఇంకా వేసే ఉంది.
ఆపమని సూరీడమ్మ అనలేదు,
నేనూ ఆపలేదు.