చిల్లర్ ఆపిన ఇరవై నిమిషాలు

ముహర్రక్‌ల సముద్రం దిక్కు పాత గల్లీ.
ఏసీ మొత్తుకుంటుందని కంప్లైంట్ ఉంటే
సంచి భుజానేసుకొని పోయిన.

లోపట ఒక ఆడమనిషి, లుల్వా అంట పేరు.
ఒళ్లో ఊద్, ముందట లాప్‌టాప్,
నేలంతా వైర్లు, నడుమల ఒక మట్టికూజ.
కూజ మూతి మీద అరచేత్తోని కొడితే
బాయిల బొక్కెన దిగిన చప్పుడు.

కెపాసిటర్ పోయింది, పది నిమిషాల పని అన్న.
ఆగు అన్నది.
మైకు తెచ్చి కంప్రెసర్ పొట్టకు ఆనిచ్చింది
కడుపుతోని ఉన్నదాన్ని డాక్టరమ్మ చూసినట్టు.

ఆ గూఁ అనే మూలుగు
తెర మీద నీలం గీతలై వణికింది.
గీతను సాగదీసింది, కుదించింది,
పక్కన ఊద్ తీగను మెల్లగ మీటింది.
కలువలే.
నాకు తెలువకుండనే నోట్లకెళ్లి వచ్చింది, హిందీల:
తీగ జరంత వదులు చెయ్యి.

నీకెట్ల తెలుసని అడిగింది.
ఏం చెప్పాలె?
మా చిన్నాయిన బైండ్ల కొమురెల్లి
జమిడిక చంకల పెట్టిండంటే
ఎల్లమ్మ కథ తెల్లారేదాక నడిచేది.
ఒక్కటే నరం, మేక పేగుది. బిగిస్తే ఏడ్చేది.
పక్కన కూసొని వంత పాడేటోన్ని
పదో తరగతి దాకా. తర్వాత ఐటీఐ.
ఇదంతా నా హిందీల పట్టదు.
నోటితోనే జుఁయ్ జుక్కు అని చూపిచ్చిన.
దాన్ని గూడ పట్టుకున్నది మైకు.

కెపాసిటర్ మార్చిన. గది సల్లబడ్డది.
ఆమె మొఖం మాత్రం
ఎవలో పోయినింటి మొఖం.
పాతది ఇచ్చిపో అన్నది. ఇచ్చిన.
పాతది ఏదని సూపర్‌వైజర్ రెండు దీనార్లు కోసిండు.

ఐదు నెల్లకు, మనామల పెద్ద హాలు.
నా డ్యూటీ పైకప్పు మీద.
వాకీటాకీల చెప్పిండ్రు:
ఆఖరు దానికి చిల్లర్ ఆపాలె, ఇరవై నిమిషాలు,
ఆమెకు సప్పుడు వద్దంట.
ఆగస్టు. రాత్రి తొమ్మిదికి గూడ
రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతది.
స్విచ్ దించిన.
పన్నెండేండ్ల సంది చెవులల్ల తిరుగుతున్న ఫ్యాను
ఒక్కసారి ఆగింది.
డక్టు మూత ఇప్పి తల పెట్టిన.

కింద చీకట్ల ముందుగాల కూజ.
తర్వాత ఊద్, జరంత వదులు తీగ.
దాని అడుగుకెళ్లి గూఁ...
నేను బాగుచేసి చంపిన ఏసీ.
ఆ మూలుగు నడుమల
నీళ్లల నానబెట్టినట్టు ఎవనిదో గొంతు:
జుఁయ్ జుక్కు.
చిన్నాయినది అనుకున్న.
కాదు.

కింద అందరికి చెమటలు. కండువలతోని విసురుకుంటున్నరు,
ఎవ్వలు లేస్తలేరు.
వాకీటాకీ అరుస్తంది, ఇరవై అయింది, ఎయ్యి, ఎయ్యి.
స్విచ్ మీదనే ఉన్నది చెయ్యి.
నరం ఇంకా బిగుస్తంది కింద.
జర ఆగుండ్రి అన్న,
తెలుగులనే.